ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఆపరేషన్స్‌లో ఆర్‌పీఏ (రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్): పని ఎంచుకోవడం నుంచి బాట్‌ను మూసేయడం దాకా

2024 మే 28న అమెరికా షేర్ల మార్కెట్ టీ ప్లస్ వన్‌కు మారింది. ట్రేడ్ జరిగిన మర్నాటి పనిదినానికల్లా షేర్లు కొన్నవాళ్లకు, డబ్బు అమ్మినవాళ్లకు చేరిపోవాలి, దీన్నే సెటిల్‌మెంట్ అంటారు. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, స్విట్జర్లాండ్ 2027 అక్టోబర్ 11ను లక్ష్యంగా పెట్టుకున్నాయి. ఈ మార్పు సెగ ఎక్కువగా తగిలింది ట్రేడర్లకు కాదు, వెనక ఉండే ఆపరేషన్స్ టీమ్‌లకు. రెండు వైపుల వివరాలు కలవని ట్రేడ్‌ను ఒకప్పుడు "రేపు పొద్దున చూద్దాంలే" అనుకోగలిగేవారు. ఇప్పుడు ఆ రేపే సెటిల్‌మెంట్ రోజు. అమెరికాలో సంస్థాగత ట్రేడ్ల అఫర్మేషన్‌కు (వివరాలు సరైనవేనని నిర్ధారించడానికి) గడువు ట్రేడ్ రోజు రాత్రి 9 గంటలే, అదీ న్యూయార్క్ టైమ్ ప్రకారం. యూరప్‌లో 2022 ఫిబ్రవరి 1 నుంచి గడువు దాటిన ట్రేడ్లకు రోజుకింత చొప్పున జరిమానా లెక్క పడుతోంది.

ఈ టెన్షన్‌లో "ఒక బాట్ పెట్టేద్దాం" అనే మాట ఎవరో ఒకరు అనకుండా మీటింగ్ ముగియదు. పెట్టొచ్చు, ఉపయోగమూ ఉంటుంది. కాకపోతే ఆలోచించకుండా పెట్టిన బాట్‌కు తర్వాత ఇద్దరు మనుషులు కాపలా కాయాల్సి వస్తుంది. బాట్‌తో ఏం చేయించాలో రాయడం తేలిక. ఎక్కడ ఆగాలో, ఆగినప్పుడు ఎవరిని పిలవాలో, మళ్లీ మొదలెట్టినప్పుడు చేసిన పనే చేయకుండా ఎలా ఉండాలో రాయడమే అసలు పని. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే. ఉదాహరణకు ఒకే పనిని చివరిదాకా పట్టుకుందాం: సెటిల్ కాకుండా ఆగిపోయిన ట్రేడ్ల ఫాలో-అప్.

బాట్ అంటే ఎంతవరకు

మనిషి స్క్రీన్ ముందు కూర్చుని చేసే పనిని, అంటే లాగిన్ అవడం, రిపోర్ట్ డౌన్‌లోడ్ చేయడం, ఒక సిస్టమ్‌లో అంకె చూసి ఇంకో సిస్టమ్‌లో కొట్టడం, మెయిల్ పెట్టడం లాంటివాటిని, రాసిచ్చిన నియమాల ప్రకారం చేసే సాఫ్ట్‌వేరే ఆర్‌పీఏ బాట్. యూఐపాత్, బ్లూ ప్రిజం, ఆటోమేషన్ ఎనీవేర్, మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్ వంటి టూల్స్ ఇందుకు బాగా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఏది ఎంచుకున్నా కింద చెప్పే విషయాలు పెద్దగా మారవు. టూల్ ఎంపిక మీద నెలల తరబడి చర్చ పెట్టుకోవడం నా దృష్టిలో దండగ. మీ బ్యాంకులో ఇప్పటికే లైసెన్స్ ఉన్నది తీసుకోండి.

బాట్లు రెండు రకాలు. ఉద్యోగి తన డెస్క్ మీద బటన్ నొక్కితే నడిచేది అటెండెడ్. సర్వర్ మీద టైమ్ ప్రకారం తనంతట తాను నడిచేది అన్‌అటెండెడ్. క్లయింట్‌తో ఫోన్‌లో ఉన్నప్పుడు నాలుగు సిస్టమ్‌ల నుంచి వివరాలు ఒకచోటికి తేవాలంటే మొదటిది బాగుంటుంది. రోజూ పొద్దున్నే వందల ట్రేడ్ల స్టేటస్ చూడాలంటే రెండోది కావాలి. మన ఉదాహరణ రెండో రకం.

1. పనిని ఎంచుకోవడం

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పని అసలు ఎందుకు ఉంది? ఒక కౌంటర్‌పార్టీకి (ట్రేడ్‌లో అవతలి వైపు సంస్థకు) చెందిన సెటిల్‌మెంట్ ఖాతా వివరాలు, అంటే ఎస్‌ఎస్‌ఐ, మీ సిస్టమ్‌లో తప్పుగా ఉన్నాయనుకుందాం. దానివల్ల రోజూ పది ట్రేడ్లు ఆగుతుంటే, ఆ పదింటినీ ఫాలో-అప్ చేసే బాట్ మీకు అక్కర్లేదు. ఆ ఒక్క రికార్డు సరిచేస్తే చాలు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేసినట్టుండే ఆర్‌పీఏ ప్రాజెక్టులు తక్కువేం కాదు. అలాగే కస్టోడియన్ (మన సెక్యూరిటీలను భద్రపరిచే సంస్థ) ఏపీఐ, అంటే సాఫ్ట్‌వేర్ నేరుగా సమాచారం తెచ్చుకునే దారి, ఇస్తుంటే, లేదా అదే సమాచారం స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య మెసేజ్‌ల నెట్‌వర్క్) మెసేజ్‌గా నేరుగా వస్తుంటే, పోర్టల్ స్క్రీన్ మీద క్లిక్ చేసే బాట్ రాయకండి. స్క్రీన్ రేపు మారిపోవచ్చు. మెసేజ్ ఫార్మాట్ మారేముందు నోటీసు వస్తుంది.

ఈ వడపోత తర్వాత మిగిలినవాటిలో బాట్‌కు బాగా నప్పేవి: ఆగిన ట్రేడ్ల స్టేటస్ చూసి కారణాల వారీగా విడదీయడం, నగదు, పొజిషన్ (చేతిలో ఉన్న సెక్యూరిటీల) రీకన్సిలియేషన్‌లో, అంటే రెండు రికార్డులను సరిపోల్చడంలో, వచ్చిన తేడాలకు సమాచారం పోగుచేయడం, ఒకే కార్పొరేట్ యాక్షన్ (డివిడెండ్, రైట్స్ లాంటి కంపెనీ చర్య) మీద వేర్వేరు కస్టోడియన్లు పంపిన ఎంటీ 564 నోటీసులను పక్కపక్కన పెట్టి పోల్చడం, మార్జిన్ కాల్ (అదనపు హామీ కోరడం) లెక్కలకు రిపోర్టులు సేకరించడం, బ్రోకరేజీ ఇన్‌వాయిస్‌లను ట్రేడ్లతో సరిచూడడం.

నప్పనివి కూడా చెప్పాలి. పేమెంట్ రిలీజ్ చేయడం, ఎస్‌ఎస్‌ఐ మార్చడం, వాలంటరీ కార్పొరేట్ యాక్షన్‌లో ఏ ఆప్షన్ తీసుకోవాలో తేల్చడం. వీటిలో బాట్ సమాచారం సిద్ధం చేసి పెట్టవచ్చు, నిర్ణయం మాత్రం మనిషిదే. ముఖ్యంగా ఎస్‌ఎస్‌ఐ విషయంలో ఒక గీత గట్టిగా గీయండి: మెయిల్‌లో వచ్చిన ఖాతా నంబర్‌ను బాట్ ఎప్పుడూ సిస్టమ్‌లోకి ఎక్కించకూడదు. దొంగ మెయిల్‌తో ఖాతా మార్పించి డబ్బు కాజేయడం పాత మోసమే. ముందే రికార్డులో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకునే పని మనిషి చేతిలోనే ఉండాలి.

ఎంచుకున్న పనికి కనీసం ఒక నెల డేటా తీయండి. మొత్తం ఎన్ని అన్నది ఒక్కటే చాలదు. ఏ కారణంతో ఎన్ని, ఒక్కోదానికి ఎంతసేపు, రోజులో ఏ గంటకు ఎక్కువ, నెలాఖరులో ఎంత పెరుగుతాయి అన్నవి కావాలి. ఇవి లేకుండా "రోజుకు ఆరు గంటలు ఆదా" అని ఎవరైనా చెబితే అది ఊహ మాత్రమే.

2. చేసేవాళ్ల పక్కన కూర్చోవడం

ప్రొసీజర్ డాక్యుమెంట్ చదివి బాట్ రాయకండి. అందులో "రిపోర్ట్‌ను పరిశీలించి తగిన చర్య తీసుకోవలెను" అని ఉంటుంది. ఆ "తగిన చర్య"లోనే పనంతా ఉంది. రోజూ ఆ పని చేసేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే డాక్యుమెంట్‌లో లేనివి బయటపడతాయి. ఫలానా కౌంటర్‌పార్టీకి మెయిల్ పెడితే జవాబు రాదు, చాట్‌లో అడగాలి. ఫలానా మార్కెట్‌లో మధ్యాహ్నం తర్వాత స్టేటస్ అప్‌డేట్ కాదు. ఈ కాలమ్‌లో అంకె సున్నా అని కనిపిస్తే నిజంగా సున్నా కాదు, ఇంకా లోడ్ కాలేదని అర్థం. మీ బాట్ లాజిక్‌లో విలువైన భాగం ఇలాంటి మాటల నుంచే వస్తుంది.

చూస్తున్నప్పుడు స్క్రీన్ మీద ప్రతి బాక్స్‌కూ అర్థం అడగండి. 2020 ఆగస్టు 11న సిటీబ్యాంక్‌లో జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రెవ్లాన్ కంపెనీ లోన్‌కు సంబంధించి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ చెల్లించాల్సి ఉండగా దాదాపు 90 కోట్ల డాలర్లు రుణదాతలకు వెళ్లిపోయాయి. అసలు మొత్తం బయటికి పోకుండా బ్యాంకు అంతర్గత ఖాతాలోనే ఉండాలంటే ఆ స్క్రీన్‌లో ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్ అనే మూడు చోట్లా టిక్ పెట్టాలి. ప్రిన్సిపల్ ఒక్కదానికే పెట్టారు. ముగ్గురు చూసి ఆమోదించే ఏర్పాటు ఉంది, ముగ్గురూ అది చాలనే అనుకున్నారు. అందులో బాట్ లేదు. కానీ ఆ ముగ్గురి పక్కన కూర్చుని మీరు బాట్ రాసి ఉంటే, ఆ అపోహనే నియమంగా రాసేవారు.

3. కారణాల వారీగా విడదీయడం

మన ఉదాహరణలోకి వద్దాం. ట్రేడ్ ఆగినప్పుడు కస్టోడియన్ నుంచి ఎంటీ 548 అనే స్విఫ్ట్ మెసేజ్ వస్తుంది. ఎందుకు ఆగిందో అందులో నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. చాలా పోర్టళ్లు కూడా ఈ కోడ్‌నే చూపిస్తాయి. ఒక్కో కోడ్‌కు బాట్ ఏం చేయాలో, ఎక్కడ ఆగాలో విడిగా రాసుకోవాలి.

సీఎంఐఎస్ వస్తే అవతలివాళ్ల ఇన్‌స్ట్రక్షన్ ఇంకా కనబడలేదని అర్థం. వెంటనే అవతలివాళ్లకు మెయిల్ కొట్టాలనిపిస్తుంది. ఆగండి. ముందు బాట్ మన వైపు చూడాలి: మన ఇన్‌స్ట్రక్షన్ సరైన డిపాజిటరీకే వెళ్లిందా, కౌంటర్‌పార్టీ బీఐసీ (బ్యాంకు గుర్తింపు కోడ్) సరైనదేనా. వాళ్లు ఇన్‌స్ట్రక్షన్ పంపేసి ఉన్నా, మనం తప్పు చోట వెతుకుతుంటే ఇదే కోడ్ వస్తుంది. మన వైపు శుభ్రంగా ఉంటేనే మెయిల్.

డీఎంఓఎన్ అంటే డబ్బు మొత్తంలో తేడా. బాట్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. తేడా ఎంతో లెక్కగట్టి, అది దేనికి సరిపోతుందో చూడాలి. సరిగ్గా కమీషన్ అంత ఉంటే ఒకరు కమీషన్ కలిపారు, ఒకరు కలపలేదు. బాండ్ ట్రేడ్‌లో తేడా సరిగ్గా ఒక రోజు వడ్డీకి సమానమైతే, వడ్డీ లెక్కించిన తేదీని ఇద్దరూ వేర్వేరుగా తీసుకుని ఉండొచ్చు, లేదా ఒకరు నెలకు 30 రోజులని, ఇంకొకరు అసలు రోజులని లెక్కేసి ఉండొచ్చు. అనుభవమున్నవాళ్లు ఇది చూపుతోనే పసిగడతారు. బాట్‌తో ఐదారు లెక్కలు వేయించి "బహుశా ఇది" అని రాయించవచ్చు. తేలకపోతే "తేలలేదు" అని రాయించండి, దగ్గరలో ఉన్నదానికి అంటించవద్దు. కొద్దిపాటి తేడాను వ్యవస్థే క్షమించే చోట్లు కూడా ఉన్నాయి: యూరప్‌లోని టీ2ఎస్ సెటిల్‌మెంట్ ప్లాట్‌ఫామ్‌లో లక్ష యూరోల వరకు ఉన్న ట్రేడ్లకు 2 యూరోలు, ఆపైవాటికి 25 యూరోల తేడా ఉన్నా మ్యాచ్ అవుతుంది. అంటే అక్కడ డీఎంఓఎన్ వచ్చిందంటే తేడా అంతకంటే పెద్దది.

డీక్యూయూఏ పరిమాణంలో తేడా, డీడీఏటీ సెటిల్‌మెంట్ తేదీలో తేడా. వీటికి మన ట్రేడ్ రికార్డు, అవతలివాళ్ల కన్ఫర్మేషన్ పక్కపక్కన పెట్టి, ఎవరిది తప్పో అని తీర్పు చెప్పకుండా, తేడా ఉన్న ఫీల్డ్‌ను చూపిస్తే చాలు. ట్రేడ్‌ను సవరించాలా వద్దా అన్నది ఫ్రంట్ ఆఫీసు (ట్రేడ్లు చేసే విభాగం) తేల్చాలి.

ఎల్ఏసీకే వస్తే ఇవ్వాల్సిన సెక్యూరిటీలు మన దగ్గర చాలవు, సీఎల్ఏసీ వస్తే అవతలివాళ్ల దగ్గర చాలవు. మొదటిదానికి బాట్ అదే ఐసిన్‌తో (సెక్యూరిటీ అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యతో) మనకు ఎక్కడి నుంచైనా రావలసినవి ఆగిపోయాయేమో వెతకాలి. తరచుగా ఇది గొలుసు: మనకు ఒకరు ఇవ్వలేదు కాబట్టి మనం ఇంకొకరికి ఇవ్వలేకపోతున్నాం. ఆ గొలుసును బాట్ గీసి చూపిస్తుంది. అప్పు తెచ్చుకోవాలా, ఉన్నంతవరకు పాక్షికంగా ఇవ్వాలా అన్నది ట్రేడింగ్ డెస్క్ నిర్ణయం.

జాబితాలో లేని కోడ్ వస్తే? బాట్ ఊహించకూడదు. దాన్ని పక్కన పెట్టి మనిషికి చూపించాలి. ఈ "మిగిలినవన్నీ" దారి ముందే రాసుకోకపోతే, కొత్త కోడ్ వచ్చిన రోజు బాట్ దాన్ని చివరి నియమంలో పడేస్తుంది.

4. డిజైన్: రెండుసార్లు జరగకుండా ఉండడం

అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాల్సిన చోటు ఇది. పనిని రెండు ముక్కలు చేయండి. ఒక బాట్ పొద్దున్నే జాబితా తెచ్చి, ఒక్కో ట్రేడ్‌ను ఒక్కో అంశంగా క్యూలో వేస్తుంది. ఇంకో బాట్ క్యూలోంచి ఒక్కొక్కటే తీసుకుని పని చేస్తుంది. ఇలా చేస్తే ఒక ట్రేడ్ దగ్గర దెబ్బతిన్నా మిగిలినవి ఆగవు. భారం పెరిగినప్పుడు రెండో రకం బాట్లను ఇంకో రెండు పెట్టొచ్చు.

వైఫల్యాలను కూడా రెండుగా విడదీయాలి. పోర్టల్ తెరుచుకోలేదు, నెట్‌వర్క్ పోయింది అంటే అది సిస్టమ్ లోపం, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. ట్రేడ్ రిఫరెన్స్ దొరకలేదు, మొత్తం ఖాళీగా ఉంది అంటే అది వ్యాపారపరమైన లోపం. దానికి వందసార్లు ప్రయత్నించినా ఫలితం అదే, కాబట్టి నేరుగా మనిషికి పంపాలి. ఈ రెండూ కలిపేస్తే క్యూ అంతా పనికిరాని రీట్రైలతో నిండిపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైన సన్నివేశం. బాట్ "సబ్‌మిట్" నొక్కింది. స్క్రీన్ తెల్లగా అయిపోయింది. జవాబు రాకముందే సెషన్ తెగిపోయింది. పని జరిగిందా, లేదా? బాట్‌కు తెలియదు. దాని రికార్డులో "విఫలం" అని ఉంటుంది, కాబట్టి మళ్లీ చేస్తుంది. అది మెయిల్ అయితే అవతలివాళ్లకు ఒకే మెయిల్ రెండుసార్లు వెళ్తుంది, చిన్న చికాకుతో పోతుంది. సెక్యూరిటీలు ఇచ్చేయమనే ఎంటీ 543 ఇన్‌స్ట్రక్షన్ అయితే చిన్న విషయం కాదు. అదే కౌంటర్‌పార్టీతో అదే పరిమాణంలో ఇంకో ట్రేడ్ ఉంటే, ఆ రెండో ఇన్‌స్ట్రక్షన్ దానితో మ్యాచ్ అయిపోవచ్చు.

దీనికి మూడు జాగ్రత్తలు, మూడూ కావాలి. క్యూలో ప్రతి అంశానికీ విడి గుర్తింపు కీ ఉండాలి: ట్రేడ్ రిఫరెన్స్, తేదీ, కోడ్ కలిపి. అదే కీతో ఇంకొకటి రాబోతే క్యూ తిరస్కరించాలి. రెండోది, నొక్కడానికి ముందు "నొక్కబోతున్నాను" అనీ, తర్వాత "నొక్కాను" అనీ బాట్ లాగ్ రాయాలి. మొదటిది ఉండి రెండోది లేని అంశం కనిపిస్తే, మళ్లీ చేయడానికి ముందు అవతలి సిస్టమ్‌లోకి వెళ్లి ఆ పని జరిగిందో లేదో చూడాలి. చూడడానికి వీల్లేకపోతే మనిషికి ఇచ్చేయాలి. మూడోది, పంపేవాళ్లు ఇచ్చే 16 అక్షరాల రిఫరెన్స్‌ను ప్రతి ప్రయత్నానికీ కొత్తగా తయారు చేయకుండా ట్రేడ్‌ను బట్టే తయారు చేయాలి. అప్పుడు నకిలీ వెళ్లినా పట్టుకోవడానికి అవతలివైపు ఒక ఆధారం ఉంటుంది.

ఖాళీ రిపోర్ట్ సంగతి కూడా ఇక్కడే తేల్చండి. జాబితాలో ఒక్క వరుస కూడా లేదంటే, ఆగిన ట్రేడ్లు లేవా, లేక రిపోర్టే తయారు కాలేదా? మనిషైతే "ఇదేంటి, ఈవేళ ఒక్కటీ లేదా" అని అనుమానపడతారు. బాట్ సంతోషంగా "పని పూర్తయింది" అని మెయిల్ పెడుతుంది. అందుకే ఫైల్ తెరవగానే తేదీ ఈరోజుదేనా, కింద ఉన్న వరుసల లెక్క మనం చదివిన వరుసలతో కలుస్తోందా, ఫైల్ పూర్తిగా డౌన్‌లోడ్ అయిందా అని చూడాలి. నెల డేటా తీశారు కదా, మామూలుగా వచ్చే సంఖ్యకు బాగా తక్కువ వస్తే ఆగి అడగమని చెప్పండి.

5. బాట్‌కు తాళాలు ఎన్ని ఇవ్వాలి

బాట్‌కు సొంత ఐడీ ఉండాలి. ఎవరో ఉద్యోగి లాగిన్‌తో నడిపితే, రేపు ఆడిట్‌లో "ఈ ఎంట్రీ ఎవరు చేశారు" అని అడిగితే జవాబు ఉండదు. పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లో కాదు, క్రెడెన్షియల్ వాల్ట్‌లో (పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచే చోట) ఉండాలి. హక్కులు ఆ పనికి ఎంత కావాలో అంతే. చదివే పనికి రాసే హక్కు ఇవ్వకండి.

మేకర్ (ఎంట్రీ చేసేవారు), చెకర్ (ఆమోదించేవారు) విడిగా ఉండాలన్న నియమం బాట్‌కూ వర్తిస్తుంది. ఒక బాట్ ఎంట్రీ చేసి, ఇంకో బాట్ ఆమోదించే ఏర్పాటు కాగితం మీద అందంగా ఉంటుంది. రెండూ ఒకే ఫైల్ చదివి, ఒకే డెవలపర్ రాసిన నియమంతో నడిస్తే అక్కడ చెకింగ్ లేనట్టే. ఆమోదం మనిషి చేయాలి, లేదా చెకర్ పూర్తిగా వేరే మూలం నుంచి సమాచారం తెచ్చుకోవాలి.

ప్రతి బాట్‌కూ పేరున్న ఒక వ్యాపార యజమాని కావాలి. ఐటీ కాదు, ఆ పని ఫలితానికి బాధ్యత వహించే ఆపరేషన్స్ మేనేజర్. యూరోపియన్ యూనియన్‌లో పనిచేసే ఆర్థిక సంస్థలకు 2025 జనవరి 17 నుంచి డోరా (డిజిటల్ ఆపరేషనల్ రెసిలియన్స్ యాక్ట్) నియమావళి వర్తిస్తోంది. ఐటీ ఆస్తుల జాబితా, బయటి సరఫరాదారుల మీద ఆధారపడడం, అంతరాయాల నిర్వహణ అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఎవరి డెస్క్ మీదో జాబితాలో లేకుండా నడిచే బాట్ ఇలాంటి చోట తలనొప్పి.

6. కట్టేటప్పుడు

స్క్రీన్ మీద బటన్‌ను దాని పొజిషన్‌తో కాకుండా దాని గుర్తింపుతో పట్టుకునేలా సెలెక్టర్ రాయాలి. సిట్రిక్స్ లాంటి రిమోట్ స్క్రీన్‌లో బాట్‌కు బొమ్మ తప్ప ఇంకేం కనబడకపోవచ్చు, అప్పుడు రిజల్యూషన్ మారినా తప్పిపోతుంది. ఆ గతి పట్టకుండా బాట్‌ను రిమోట్ సర్వర్ లోపలే నడపడం మేలు. "ఐదు సెకన్లు ఆగు" అని రాయకండి, "ఈ పట్టిక కనిపించేదాకా ఆగు, ఇంతసేపటికీ రాకపోతే ఆపు" అని రాయండి.

ఎక్సెల్ మాత్రం ప్రత్యేక శ్రద్ధ అడుగుతుంది. అమెరికా సెక్యూరిటీల గుర్తింపు సంఖ్య క్యూసిప్‌లో తొమ్మిది అక్షరాలు. ముందు సున్నాలు ఉంటే ఎక్సెల్ వాటిని మింగేస్తుంది. మధ్యలో ఇంగ్లిష్ 'E' అక్షరం ఒక్కటే ఉండి మిగిలినవన్నీ అంకెలైతే, దాన్ని ఘాతాంక సంఖ్య అనుకుని పెద్ద అంకెగా మార్చేస్తుంది. 15 అంకెలు దాటిన ఖాతా నంబర్ చివర్లో సున్నాలు వచ్చి కూర్చుంటాయి. మూడుచోట్లా తెర మీద ఎర్రర్ ఏమీ కనబడదు. కాబట్టి ఇలాంటి కాలమ్‌లను మొదటి నుంచీ టెక్స్ట్‌గానే చదవండి. చదివాక పొడవు చూడండి: క్యూసిప్ 9, ఐసిన్ 12, ఎల్ఈఐ (సంస్థల గుర్తింపు కోడ్) 20, బీఐసీ 8 లేదా 11. ఐసిన్ చివరి అంకె చెక్ డిజిట్, దాన్ని లెక్కగట్టి సరిపోల్చడం నాలుగు లైన్ల పని.

తేదీలు కూడా అంతే. 03/04 మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్నది పంపే వ్యవస్థను బట్టి ఉంటుంది, బాట్ నడిచే కంప్యూటర్ సెట్టింగ్‌ను బట్టి కాదు. ప్రతి మార్కెట్‌కూ విడి సెలవుల క్యాలెండర్ కావాలి. గడియారాల సంగతి మరో చిక్కు: అమెరికా మార్చి రెండో ఆదివారం, యూరప్ మార్చి చివరి ఆదివారం గంట ముందుకు జరుగుతాయి. మధ్యలో ఆ రెండు మూడు వారాలు లండన్, న్యూయార్క్‌ల తేడా ఐదు కాదు, నాలుగు గంటలే. కటాఫ్ టైమ్‌ను మీ సర్వర్ గడియారంతో కాకుండా ఆ మార్కెట్ టైమ్ జోన్‌తో రాయండి.

మెయిళ్లు, పీడీఎఫ్‌లు చదవడానికి ఇప్పుడు లాంగ్వేజ్ మోడళ్లను బాట్లతో కలుపుతున్నారు. మెయిల్ దేని గురించో విడదీయడానికి బాగానే పనికొస్తాయి. అందులోంచి తీసిన అంకెను నేరుగా సిస్టమ్‌లోకి పంపకండి. ట్రేడ్ రికార్డుతో కలిస్తేనే ముందుకు, లేకపోతే మనిషి దగ్గరికి.

7. పరీక్ష

శుభ్రమైన డేటాతో పరీక్షిస్తే ప్రతి బాట్ పాసవుతుంది. కాబట్టి చెడ్డ డేటా తయారు చేయండి: ఖాళీ ఫైల్, నిన్నటి ఫైల్, సగం ఫైల్, ఒకే ట్రేడ్ రెండుసార్లు, కాలమ్‌ల వరుస మారిన రిపోర్ట్, పేరులో కామా ఉన్న కౌంటర్‌పార్టీ, మధ్యలో గడువు తీరిన పాస్‌వర్డ్. సబ్‌మిట్ నొక్కిన క్షణంలో నెట్‌వర్క్ తీసేయండి, చూడండి ఏం చేస్తుందో. ఆ తర్వాత పారలల్ రన్: బాట్, మనిషి ఒకే జాబితా మీద విడివిడిగా పనిచేయాలి, సాయంత్రం ఫలితాలు పోల్చాలి. ఈ కాలంలో కనీసం ఒక నెలాఖరు, ఒక మార్కెట్ సెలవు తగలాలి. తేడా వచ్చిన ప్రతిసారీ బాట్‌దే తప్పని అనుకోకండి. కొన్నిసార్లు మనుషులు ఇన్నాళ్లూ చేస్తున్నదే తప్పని తేలుతుంది, అప్పుడు నియమాన్ని ఎవరో ఒకరు సంతకం పెట్టి ఖరారు చేయాలి.

8. నడపడం మొదలెట్టడం

ఒకేసారి అన్నీ అప్పగించకండి. మొదట చదివి విడదీయడం మాత్రమే. అది కుదురుకున్నాక మెయిల్ డ్రాఫ్ట్ చేయడం, పంపేది మనిషి. తర్వాత తక్కువ రిస్క్ కోడ్‌లకు, తెలిసిన కౌంటర్‌పార్టీలకు తనే పంపడం. ఒక రోజులో గరిష్ఠంగా ఎన్ని పంపొచ్చో పరిమితి పెట్టండి. అది దాటితే తనంతట తాను ఆగాలి. ఆపే స్విచ్ ఎక్కడుందో షిఫ్ట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి, ఆపే అధికారమూ వాళ్లకు ఉండాలి. మేనేజర్‌కు ఫోన్ చేసి అనుమతి అడగాల్సిన స్విచ్ స్విచ్ కాదు.

2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ సంస్థకు జరిగింది ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ వైఫల్యం, ఆర్‌పీఏ కాదు. కానీ ఆటోమేషన్ నడిపే ప్రతి ఒక్కరూ దాని వివరాలు తెలుసుకోవాలి. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కింది. ఎనిమిదో దానిలో పాత కోడ్ లేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. 45 నిమిషాల్లో వచ్చిన నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. ఇందులో మనకు బాగా తగిలే వివరం ఇంకొకటి: మార్కెట్ తెరవకముందే లోపం సంగతి చెబుతూ ఆ సంస్థ వ్యవస్థ నుంచి ఉద్యోగులకు 97 ఆటోమేటిక్ మెయిళ్లు వెళ్లాయి. వాటిని అలర్ట్‌లుగా తయారు చేయలేదు, ఎవరూ వాటిని పట్టించుకోలేదు.

మీ బాట్ రోజుకు 40 "విజయవంతం" మెయిళ్లు పంపుతుంటే 41వది చెడ్డ వార్త అయినా ఎవరూ తెరవరు. అన్నీ సవ్యంగా ఉంటే రోజుకు ఒక్క సారాంశం చాలు. చెడితే ఒక పేరున్న మనిషికి టికెట్ వెళ్లాలి, ఇంతసేపట్లో తీసుకోకపోతే పైవాళ్లకు పోవాలి. ఇంకొకటి: బాట్ అసలు మొదలే కాకపోతే ఏ మెయిలూ రాదు. పొద్దున ఫలానా టైమ్‌కు బాట్ నుంచి కబురు రాకపోతే మోగే అలారం బాట్ బయట ఉండాలి. కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు అన్ని మెషీన్లలోనూ అదే వెర్షన్ ఉందో లేదో చూసే పని మాటతో కాకుండా చెక్‌తో జరగాలి.

9. తర్వాత

పోర్టల్ యజమానులకు మీ బాట్ సంగతి తెలిసి ఉండాలి. లేకపోతే శనివారం స్క్రీన్ మార్చేస్తారు, సోమవారం పొద్దున మీరు తెల్లమొహం వేస్తారు. రిలీజ్ నోటీసుల జాబితాలో మీ టీమ్ మెయిల్ చేర్పించండి. బాట్ పడిపోయిన రోజు చేత్తో చేయడం ఎలాగో రాసి పెట్టుకోవడమే కాదు, అప్పుడప్పుడు ఒక రోజు చేత్తోనే చేయించండి. రెండేళ్ల తర్వాత ఆ పని తెలిసినవాళ్లు ఎవరూ టీమ్‌లో ఉండకపోవచ్చు.

లాభం కొలిచేటప్పుడు "ఆదా అయిన గంటలు" అన్న లెక్కను నేను పెద్దగా నమ్మను. నలుగురికి ఇరవై నిమిషాల చొప్పున మిగిలితే ఏ ఖర్చూ తగ్గదు. ఆగిన ట్రేడ్ సగటున ఎన్ని గంటల్లో తేలుతోంది, కటాఫ్‌కు ముందే ఎన్ని తేలాయి, జరిమానాలు ఎంత తగ్గాయి, బాట్ మనిషికి పంపిన వాటిలో నిజంగా మనిషి అవసరమైనవెన్ని అన్నవి చూడండి. రెండో కాలమ్‌లో లైసెన్సు, సర్వర్లు, సపోర్ట్, ప్రతి రిలీజ్‌కూ చేసే రీటెస్టింగ్ ఖర్చు రాయండి. కారణాల జాబితాను నెలకోసారి కౌంటర్‌పార్టీ వారీగా తీసి చూస్తే, ఏ ఎస్‌ఎస్‌ఐ పాడయిందో, ఎవరు ఎప్పుడూ ఆలస్యం చేస్తున్నారో బయటపడుతుంది. దాన్ని సరిచేస్తే బాట్‌కే పని తగ్గుతుంది, తగ్గాలి కూడా.

ప్రతి బాట్‌కూ మొదటి రోజే ఒక సమీక్ష తేదీ పెట్టండి. ఆ తేదీకి కస్టోడియన్ ఏపీఐ ఇస్తోందా, కొత్త సెటిల్‌మెంట్ సిస్టమ్ వచ్చిందా చూసి, వచ్చి ఉంటే బాట్‌ను తీసేయండి. తీసేటప్పుడు షెడ్యూల్ ఆపితే సరిపోదు. బాట్ ఐడీని ప్రతి సిస్టమ్‌లోనూ మూయించాలి, వాల్ట్‌లో పాస్‌వర్డ్ తొలగించాలి, క్యూలో మిగిలిన అంశాలను ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించాలి, ఆస్తుల జాబితాలో తీసేసిన తేదీ రాయాలి. లాగ్‌లను మాత్రం మీ సంస్థ రికార్డుల నియమం ఎన్నేళ్లంటే అన్నేళ్లు, చదవడానికి వీలైన ఫార్మాట్‌లో ఉంచాలి. బాట్ టూల్ లైసెన్సు ముగిశాక తెరుచుకోని లాగ్ ఆడిటర్ల దృష్టిలో లేనట్టే.